పిల్లల సర్జరీకి పదేళ్ళ ప్రణాళిక: సొసైటీ ముసాయిదాలో ఏం రాయాలి?

పసిప్రాణం (చెన్నై, పిల్లల సర్జన్)

అందరికీ నమస్కారం. వచ్చే సర్వసభ్య సమావేశానికి మన చాప్టర్ తరఫున పదేళ్ళ ప్రణాళిక ముసాయిదా పెట్టాలనుకుంటున్నాం. చెన్నై, బెంగళూరుల్లో పనిచేసే తెలుగువాళ్ళం ఇక్కడ చాలామందిమి ఉన్నాం. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి పసిబిడ్డలు వచ్చేదీ ఎక్కువగా ఇటే. అందుకని సమావేశానికి ముందు ఇక్కడే గట్టిగా తర్కించుకుందాం.

నా మాట మొదటే చెప్పేస్తాను. ఏ స్పెషాలిటీ ప్రణాళిక తీసినా మొదటి పేజీలో "సీట్లు పెంచాలి, జిల్లాకో స్పెషలిస్టు కావాలి" అని ఉంటుంది. మన సొసైటీ ఐఏపీఎస్ (భారత పిల్లల సర్జన్ల సంఘం) 1965లో మొదలైన రోజుల్లో అది న్యాయమైన డిమాండే. ఇవాళ పీడియాట్రిక్ సర్జరీ ఎంసీహెచ్ (ఎంఎస్ తర్వాత చదివే సూపర్ స్పెషాలిటీ కోర్సు) సీట్లు కటాఫ్ దించి, అదనపు రౌండ్లు పెట్టినా మిగిలిపోతున్నాయి. ఖాళీ సీటు పక్కన ఇంకో సీటు వేసినంత మాత్రాన ఏ బిడ్డకూ ఆపరేషన్ జరగదు. ముందు బిడ్డల లెక్క, తర్వాత ఊళ్ళు, ఆ తర్వాత టీములు, సీట్లు చివరన. ఈ వరుస తలకిందులైతే పత్రం బీరువాకే పరిమితం.

ఇంకో షరతు కూడా. సొసైటీ తన చేత్తో చేయగలిగినవి ఒకచోట, ప్రభుత్వాన్ని అడగాల్సినవి వేరేచోట రాయాలి. కలిపి రాస్తే మొత్తం వినతిపత్రమైపోతుంది.

లెక్కలమాస్టారు (బెంగళూరు)

బిడ్డల లెక్క అన్నారు కాబట్టి అదే వేద్దాం. ఏడాదికి 10 లక్షల ప్రసవాలు జరిగే ప్రాంతం అనుకోండి. తమిళనాడు ఇంచుమించు ఆ స్థాయిలోదే. పుస్తకాల్లో ఉన్న రేట్లే వాడుతున్నాను.

టీఈఎఫ్ (అన్ననాళం మధ్యలో మూసుకుపోయి, శ్వాసనాళంతో కలిసే లోపం) 3,500 మందిలో ఒకరికి, అంటే 285. ఏఆర్‌ఎం (మలద్వారం సరిగా ఏర్పడకపోవడం), హిర్ష్‌స్ప్రంగ్ (పెద్దపేగు చివర నాడీకణాలు లేక మలం కదలకపోవడం) 5,000కు ఒకటి చొప్పున చెరో 200. డయాఫ్రమ్ హెర్నియా (పొట్టకూ ఛాతీకీ మధ్య పొరలో రంధ్రం) 3,000కు ఒకటి, 330 దాకా. వీరిలో చాలామంది మన దాకా చేరరు. బైలియరీ అట్రీసియా (పిత్తనాళాలు మూసుకుపోవడం) 15,000కు ఒకటి, 65 పైచిలుకు. అన్నీ కలిపితే 1,080.

ఇప్పుడు రెండో తట్టు చూడండి. ఇంగ్వైనల్ (గజ్జల్లో వచ్చే) హెర్నియా 2 శాతం అనుకున్నా 20,000. ఏడాది దాటినా దిగని వృషణం మగపిల్లల్లో 1 శాతం, 5,000. హైపోస్పేడియాస్ (మూత్ర రంధ్రం అంగం కొనన కాక కింది వైపు ఉండటం) 300 మంది మగపిల్లల్లో ఒకరికి, 1,700. మొత్తం 26,700. మొదటి తట్టుకు ఇరవై అయిదు రెట్లు.

ఈ రెండింటికీ ఒకే ప్రణాళిక సరిపోదు. హెర్నియా బిడ్డ దగ్గరికి సర్జన్ వెళ్ళాలి. టీఈఎఫ్ బిడ్డ మాత్రం సర్జన్ ఉన్నచోటికి రావాలి.

శిక్షణ లెక్క ఇంకా ముఖ్యం. ఒక ట్రైనీకి మొత్తం శిక్షణలో దక్కే టీఈఎఫ్ కేసులు అంటే, ఏడాదికి వచ్చే కేసులను ఏడాదికి బయటికొచ్చే పట్టభద్రులతో భాగించడమే. మూడేళ్ళ కోర్సయినా ఆరేళ్ళ కోర్సయినా ఈ సూత్రం మారదు. ఏడాదికి 24 మంది బయటికొస్తే తలకు 12 వస్తాయి. 60 మంది వస్తే 5 కూడా రావు. పుట్టినవాళ్ళలో సగం మందే ఆసుపత్రికి చేరితే ఆ సంఖ్యలు 6, 2 అవుతాయి. వాటిలో తన చేత్తో చేసినవి ఎన్ని, పక్కన నిలబడినవి ఎన్ని అన్నది ఆ పైన మాట. అందుకే కళ్ళు మూసుకుని సీట్లు పెంచితే చేయి తిరగని సర్జన్లు తయారవుతారని నేనంటాను.

మూడోఏడు (బెంగళూరు, ఎంసీహెచ్ ట్రైనీ)

మాస్టారూ, సూత్రం బాగుంది. సీటు ఎందుకు మిగులుతోందో కూడా ముసాయిదాలో రాయండి. ఎంబీబీఎస్ అయిదున్నర, ఎంఎస్ మూడు, ఎంసీహెచ్ మూడు, వెరసి పదకొండున్నర ఏళ్ళు. బాండ్లు, పరీక్షకు చదివే విరామాలు అదనం. అన్నేళ్ళయ్యాక సర్కారు జిల్లా ఆసుపత్రిలో పిల్లల సర్జన్ పోస్టే మంజూరై ఉండదు. ప్రైవేటులో సొంత ఎన్‌ఐసీయూ (పసిగుడ్డుల ఇంటెన్సివ్ కేర్) లేని చోట పసిగుడ్డుల కేసులు రావు. చివరికి హెర్నియాలు, సున్నతులతోనే సరిపెట్టుకోవాలి. ఎంఎస్ చదివే జూనియర్ ఇదంతా చూస్తూనే ఉంటారు.

ఎన్‌బీఈఎంఎస్ (జాతీయ వైద్య పరీక్షల బోర్డు) వారి, ఎంబీబీఎస్ కాగానే చేరే ఆరేళ్ళ డైరెక్ట్ డీఆర్‌ఎన్‌బీ కోర్సు వల్ల ఏళ్ళు తగ్గుతాయని చాలామంది అనుకుంటున్నారు. మూడూ మూడూ ఆరే కదా, తగ్గవు. తగ్గేది ఒక ఎంట్రన్సూ మధ్య విరామమూ. దానికి బదులుగా చేతిలో ఎంఎస్ పట్టా ఉండదు, కోర్సు మధ్యలో వదిలేస్తే వెనక్కి వెళ్ళే దారీ ఉండదు. సొసైటీ దాన్ని సిఫారసు చేస్తే ఈ రెండు వైపులా రాయాలి.

పసిప్రాణం

పోస్టుల సంగతి అసలైన పాయింట్. మాస్టారూ, ఎంతమంది సర్జన్లు కావాలో కూడా తేల్చగలరా?

లెక్కలమాస్టారు

ఇది కేవలం అంచనా, ఊహలన్నీ బయట పెట్టే చెప్తున్నాను. ఒక సర్జన్ ఏడాదికి 250 ఆపరేషన్లు చేస్తారనుకుందాం. పైన చెప్పిన 26,700కు 107 మంది. నవజాత శిశువుల కేసులు ఒక్కోటీ రెండు మూడు దశలు కాబట్టి 3,000 ఆపరేషన్లు, ఇంకో 12 మంది. అపెండిక్స్, ఎంపైమా (ఛాతీలో చీము), దెబ్బలు, ట్యూమర్లు, యూరాలజీ నేను లెక్కేయలేదు. వాటి కోసమూ రాత్రి డ్యూటీల కోసమూ మొత్తాన్ని రెట్టింపు చేస్తే 240. సర్వీసు 30 ఏళ్ళనుకుంటే ఏటా 8 మంది కొత్తవాళ్ళు, వలసలూ మానేసేవాళ్ళూ కలుపుకుని 12 మంది. ఇందాకటి సూత్రంలో పెట్టండి: 285ను 12తో భాగిస్తే తలకు దాదాపు 24 టీఈఎఫ్‌లు. సగమే చేరినా 12 వస్తాయి.

240 మందిని తయారుచేయడం కష్టం కాదు. 240 పోస్టులు ఎక్కడ ఉండాలో ఊరూ పేరూ పెట్టి రాయడమే కష్టం. ప్రణాళికలో ఆ పట్టిక ఉంటేనే నేను ఒప్పుకుంటూ చేయెత్తుతాను.

పెన్నా ఒడ్డు (నెల్లూరు, జనరల్ సర్జన్)

బయటివాణ్ణి అయినా మాట కలుపుతున్నాను. ఆ 20,000 హెర్నియాల్లో చాలా భాగం ఇప్పటికే మేమే చేస్తున్నాం. "పన్నెండేళ్ళలోపు పిల్లలు మాకే" అని మీ సొసైటీ తీర్మానం చేస్తే అది అమలయ్యే పని కాదు, మా దగ్గర నేర్చుకునేవాళ్ళూ తగ్గిపోతారు. మాకు కావాల్సింది ఒక్క కాగితం: ఏది మేం చేయాలి, ఏది పంపాలి, ఏది పంపకూడదు.

పసిప్రాణం

బయటివారేంటి సార్, ఈ ప్రణాళిక సగం మీ మీదే నిలబడాలి. ఆ కాగితం నా వైపు నుంచి ఇలా ఉంటుంది.

జిల్లాలో చేయదగినవి: ఏడాది దాటి, 10 కిలోలు దాటిన ఆరోగ్యవంతుడైన బిడ్డకు హెర్నియా, హైడ్రోసీల్ (వృషణం చుట్టూ నీరు), బొడ్డు హెర్నియా, అపెండిక్స్, చీముగడ్డలు. హెర్నియాలో సంచిని లోపలి రింగు దాకా విడదీసి కట్టడమే పని, మెష్ (పెద్దవాళ్ళకు వేసే వల) ఊసెత్తకూడదు. కుట్లు వేసే ముందు వృషణాన్ని తిత్తిలోకి లాగి చూడాలి. అది మరిస్తే బిడ్డ ఆర్నెల్ల తర్వాత పైన ఇరుక్కున్న వృషణంతో వస్తాడు, రెండో ఆపరేషన్ మొదటిదానికన్నా చాలా కష్టం.

పంపాల్సినవి: ఏడాదిలోపు పిల్లలు, దిగని వృషణం, హైపోస్పేడియాస్. దిగని వృషణాన్ని ఆరు నెలలకే పంపితే ఏడాదిన్నర లోపు పని పూర్తవుతుంది. హైపోస్పేడియాస్ ఉన్న బిడ్డకు సున్నతి చేయకూడదు, ఆ చర్మమే మాకు ముడిసరుకు. నెల తక్కువ బిడ్డలైతే గర్భం నుంచి లెక్కేసి 60 వారాలు నిండేదాకా మత్తు తర్వాత ఊపిరి ఆగే ప్రమాదం ఉంటుంది. రాత్రంతా మానిటర్ లేనిచోట వాళ్ళ జోలికి పోవద్దు.

పంపకూడనిది ఒకటుంది: వృషణం మెలిపడటం. ఆరు గంటల్లో విప్పాలి. నెల్లూరు నుంచి చెన్నై 175 కిలోమీటర్లు. అంబులెన్స్ దొరికి, ఇక్కడ ఓపీ చీటీ రాసేసరికి ఆ వృషణం పోతుంది. ఏ వయసు బిడ్డయినా అక్కడే తెరవండి.

జాక్సన్‌రీస్ (చెన్నై, మత్తు డాక్టర్)

ఇంతసేపూ సర్జన్లనే లెక్కేశారు. జిల్లాలో పిల్లల హెర్నియా ఆగిపోయేది చాలాసార్లు సర్జన్ లేక కాదు, పిల్లలకు మత్తివ్వడానికి చేయి తిరిగినవాళ్ళు లేక, సామాను లేక. పోస్టుల పట్టికలో ప్రతి పిల్లల సర్జన్ పక్కన ఒక మత్తు డాక్టర్ గడి ఉండాలి.

సామాను పట్టిక కూడా అనుబంధంగా పెట్టండి, ఇది సొసైటీ చేతిలోని పనే. టీ-పీస్ సర్క్యూట్, 0 నుంచి 2 దాకా మాస్కులు, మిల్లర్ 0, 1 బ్లేడ్లు, 2.5 నుంచి 5.5 దాకా ట్యూబులు, 1, 1.5, 2, 2.5 సైజుల ఎల్‌ఎంఏలు (గొంతులో అమర్చే గాలి మాస్కులు), పసిపిల్లల పల్స్ ఆక్సీ ప్రోబు, క్యాప్నోగ్రాఫ్, సెవోఫ్లూరేన్ వేపరైజర్, వెచ్చని గాలి బ్లాంకెట్, సిరంజి పంపు. ఖరీదైన యంత్రం కొన్నచోట కూడా రెండు వందల రూపాయల చిన్న మాస్కు లేక కేసు వాయిదా పడుతుంది. అందుకే యంత్రాలకు వేరే, వాడి పారేసేవాటికి వేరే బడ్జెట్ గీత గీయాలి. రెండోది మూడు నెలలకోసారి నిండాలి.

కాడల్ (వెన్ను అడుగున ఇచ్చే మత్తు సూది) గురించి ఒక హెచ్చరిక. 0.25 శాతం బుపివకేన్ కిలోకు 1 మి.లీ. ఇస్తే కిలోకు 2.5 మి.గ్రా., అదే గరిష్ఠ హద్దు. సీసా 0.5 శాతం అని చూసుకోకుండా అదే మోతాదు లాగితే రెట్టింపు వెళ్తుంది. శిక్షణ కార్డు మీద ఇది పెద్ద అక్షరాల్లో ఉండాలి.

పెన్నా ఒడ్డు

మంచిది. ఇప్పుడు నా అభ్యంతరం. కష్టమైన కేసులన్నీ కొన్ని పెద్ద కేంద్రాలకే అంటున్నారు. దారిలో పోయే బిడ్డల సంగతేంటి? పచ్చటి వాంతులతో మూడోరోజు బిడ్డ వస్తే ఎదురుగా ఎక్స్‌రే తప్ప ఏమీ ఉండదు మాకు.

పసిప్రాణం

అన్నీ ఒకే గాటన కట్టకూడదు. టీఈఎఫ్ బిడ్డను సరిగ్గా పంపితే ప్రయాణం తట్టుకుంటుంది. ఏఆర్‌ఎంలో అడ్డంగా తీసే పక్క ఎక్స్‌రేకే 18 నుంచి 24 గంటలు ఆగుతాం కాబట్టి టైముంది. ఆ టైములో కంగారుపడి కొలాస్టమీ (పెద్దపేగు నోరు పొట్ట మీదికి తెరవడం) చేసేసి పంపితే మాకు చిక్కొచ్చేది. సిగ్మాయిడ్‌లో (పెద్దపేగు చివరి వంపులో) మరీ కిందకి పెడితే తర్వాత పుల్-త్రూకు (పేగును కిందికి లాగి మలద్వారం కట్టే ఆపరేషన్‌కు) పేగు పొడవు చాలదు. పేగును పూర్తిగా కోయకుండా లూప్‌గా పెడితే మలం కిందికి జారి మూత్రంలో ఇన్‌ఫెక్షన్లు. బిడ్డ పొట్ట ఉబ్బిపోయి తప్పనిసరైతే డిసెండింగ్ కోలన్ (ఎడమవైపు కిందికి దిగే పెద్దపేగు) సిగ్మాయిడ్‌గా మారే చోట, రెండు నోళ్ళు విడివిడిగా పెట్టండి.

పచ్చటి వాంతులు మాత్రం వేరు. కాదని తేలేదాకా అది పేగు మెలికే. పొట్ట మెత్తగా ఉండి బిడ్డ చురుగ్గా ఉంటే ముక్కు గొట్టం వేసి, ఫోన్ చేసి, వెంటనే పంపండి. షాక్‌లో ఉంటే మూడు గంటల ప్రయాణంలో పేగంతా నల్లబడుతుంది. జిల్లా సర్జన్ తెరిచి, మెలికను గడియారం ముల్లుకు ఎదురు దిశలో విప్పి, మూసి పంపినా ఆ బిడ్డకు బతికే అవకాశం ఉంటుంది. మిగతాది మేం చూసుకుంటాం. ఈ ఒక్క ఆపరేషన్‌ను ఎంఎస్ విద్యార్థులందరికీ నేర్పించాలని సొసైటీ పట్టుబట్టాలి.

ఎన్‌ఐసీయూ సిస్టర్ (చెన్నై)

పంపడం గురించి నేను రాస్తాను, ఎందుకంటే బిడ్డ దిగేది మా చేతుల్లోకే.

నోట్లో నురగ తేలే బిడ్డకు పాలు పట్టకముందే 10 సైజు గొట్టం వేసి చూడాలి. పెదవుల నుంచి 10–12 సెం.మీ. దగ్గర ఆగిపోతే టీఈఎఫ్. సన్న గొట్టం వేస్తే పై సంచిలోనే మడతపడి లోపలికి వెళ్ళినట్టు భ్రమ కలిగిస్తుంది. రెప్లోగిల్ గొట్టం (ఉమ్మిని ఆగకుండా లాగే రెండు దారుల గొట్టం) లేకపోతే అదే గొట్టంతో ప్రతి 5–10 నిమిషాలకు ఉమ్మి లాగుతూ ఉండాలి, దారంతా. అంటే అంబులెన్స్‌లో ఆ పని కోసమే ఒక మనిషి ఉండాలి. తల 30–45 డిగ్రీలు పైకి. మాస్కుతో గాలి కొట్టొద్దు, అదంతా పొట్టలోకి వెళ్తుంది. 10 శాతం డెక్స్‌ట్రోజ్ మొదటి రోజు కిలోకు 60 మి.లీ. విటమిన్ కె ఇచ్చినట్టు చీటీ మీద రాయండి. తల్లి రాలేకపోతే క్రాస్‌మ్యాచ్‌కు (ఎక్కించే రక్తం సరిపోతుందో చూసే పరీక్షకు) తల్లి రక్తం ఓ 5 మి.లీ. లేబుల్ వేసి పంపండి.

పేగులు బయటికొచ్చిన బిడ్డకు తడి గాజ్ గుడ్డ చుట్టి పంపుతుంటారు. అది ఆరుతూ బిడ్డను చల్లబరుస్తుంది. శుభ్రమైన ప్లాస్టిక్ సంచిలో చంకల దాకా ఉంచి, కుడి పక్కకు పడుకోబెట్టండి. పేగు బరువుకు రక్తనాళాలు మడత పడవు.

ముసాయిదాలో ఒక వాక్యం తప్పకుండా కావాలి: దిగిన క్షణాన బిడ్డ ఉష్ణోగ్రత ఎంతో రాయాలి. 36.5 కన్నా తక్కువ ఉంటే ఆ సమాచారం పంపిన ఆసుపత్రికి అదే రోజు వెళ్ళాలి. తిట్టడానికి కాదు, తర్వాతి బిడ్డ వెచ్చగా రావడానికి.

లెక్కలమాస్టారు

సిస్టర్ చెప్పిన ఉష్ణోగ్రతే నేను అడిగే రిజిస్ట్రీలో, అంటే ప్రతి బిడ్డ వివరాలూ ఫలితమూ రాసే పుస్తకంలో, ముఖ్యమైన గడి. 2021లో లాన్సెట్‌లో వచ్చిన గ్లోబల్ పీడ్‌సర్గ్ అధ్యయనం గుర్తుందిగా: 74 దేశాలు, 264 ఆసుపత్రులు, 3,849 మంది పిల్లలు, ఏడు రకాల పుట్టుకతో వచ్చే పేగు లోపాలు. మరణాలు ధనిక దేశాల్లో 5.6 శాతం, మధ్య ఆదాయ దేశాల్లో 20.4, పేద దేశాల్లో 39.8. ఆ తేడాలో సర్జన్ చేతి నేర్పుతో పాటు చేరేసరికే సెప్సిస్ (ఒళ్ళంతా పాకిన ఇన్‌ఫెక్షన్), వెంటిలేటర్, సిరలో ఇచ్చే పోషణ, చెక్‌లిస్టు అన్నీ ఉన్నాయి. మన చాప్టర్ సంఖ్య ఎంత అని ఎవరైనా అడిగితే చెప్పడానికి మన దగ్గర ఒక పుస్తకం ఉండాలి.

రిజిస్ట్రీ చచ్చిపోయేది గడులు ఎక్కువై. 150 గడుల ఫారం మొదటి నెల నింపుతారు, రెండో నెల మానేస్తారు. 18 గడులు చాలు: బరువు, ఎన్ని వారాలకు పుట్టింది, జిల్లా, చేరేసరికి ఎన్ని గంటల వయసు, ఉష్ణోగ్రత, సెప్సిస్ ఉందా, రోగం, తోడు లోపాలు, ఆపరేషన్, వెంటిలేటర్ రోజులు, 30వ రోజు స్థితి ఇలాంటివి. అయిదే రోగాలతో మొదలు పెట్టాలి.

ఒక పెద్ద తప్పు జరుగుతుంది, ఇప్పుడే అడ్డుకోవాలి. ఆపరేషన్ దాకా వెళ్ళినవాళ్ళనే రాస్తే ఫలితాలు బ్రహ్మాండంగా కనిపిస్తాయి. వార్డులో అడుగుపెట్టిన ప్రతి బిడ్డా, ఆపరేషన్‌కు ముందే పోయినవాళ్ళూ, చెప్పకుండా తీసుకెళ్ళిపోయినవాళ్ళూ లెక్కలో ఉండాలి. 30వ రోజున ఫోన్ చేయాలి. పేర్లు ఆసుపత్రిలోనే ఉండాలి, సొసైటీకి కోడ్ మాత్రమే రావాలి. 2023 వ్యక్తిగత డేటా చట్టాన్ని బట్టి కూడా అదే మంచిది. మొదటి మూడేళ్ళు ఆసుపత్రులకు ర్యాంకులు వేయకూడదు, వేస్తే ఎవరూ నిజం రాయరు.

ఖజానా (చెన్నై)

దీనికి డబ్బు లెక్క నేను వేస్తాను. రిజిస్ట్రీ నడిపే సాఫ్ట్‌వేర్ రెడ్‌క్యాప్ లాభాపేక్ష లేని సంస్థలకు ఉచితమే, సభ్య ఆసుపత్రి ఒకటి తన లైసెన్సు కింద పెట్టుకుంటే సరి. ఖర్చంతా మనిషిది. ఫోన్లు చేసి గడులు నింపించే కోఆర్డినేటర్‌కు నెలకు 40,000 అనుకుంటే ఏడాదికి 4 లక్షల 80 వేలు. వార్షిక సదస్సు మిగులులో నాలుగో వంతు దీనికే అని నియమావళిలోనే రాయాలి, ఏటా బతిమాలుకునేలా ఉండకూడదు. సదస్సు ఆదాయం అనేటప్పుడు జీఎస్టీ మరవకండి, 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్, ఫీజు మీద 18 శాతం. కంపెనీల సాయం విషయంలో 2024 యూసీపీఎంపీ కోడ్ (మందుల కంపెనీల ప్రచార నియమావళి) వచ్చాక విందులు, ప్రయాణాల లెక్కలు మారాయి. పదేళ్ళ పనిని స్పాన్సర్ల మీద నిలబెట్టకూడదు.

ఇంకోటి. అధ్యక్ష పదవి ఏడాదే అయినచోట ప్రణాళిక ఆయుష్షూ ఏడాదే. అయిదుగురితో ప్రణాళిక కమిటీ వేసి, ఒక్కొక్కరికీ అయిదేళ్ళ పదవీకాలం ఇచ్చి, ఏడాదికి ఒక్కరే దిగిపోయేలా చూడండి. ఒకరు మత్తు డాక్టర్, ఒకరు నర్సు, ఒకరు జిల్లా జనరల్ సర్జన్ ఉండాలి.

మూడోఏడు

ప్రభుత్వాన్ని అడిగే పట్టికలో ఒకటి చేర్చండి. ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల కేంద్ర పథకం) 2013లో మొదలైనప్పుడు పుట్టుక లోపాలు తొమ్మిది పెట్టారు: వెన్నుపూస లోపం, డౌన్స్, చీలిన పెదవి-అంగిలి, వంకర పాదం, తుంటి, కంటి శుక్లం, చెవుడు, గుండె, నెల తక్కువ బిడ్డల రెటీనా. అందులో మన టీఈఎఫ్ లేదు, ఏఆర్‌ఎం లేదు. రెండూ పుట్టిన గదిలోనే గొట్టంతో, కంటితో కనిపెట్టేవి. మలద్వారం ఉందో లేదో చూసి టిక్కు పెట్టే గడి ప్రసవ కార్డులో చేర్చడానికి పైసా ఖర్చు కాదు.

బైలియరీ అట్రీసియా కూడా. రెండు వారాలు దాటిన కామెర్లలో మలం రంగు చూడాలి. కసాయ్ ఆపరేషన్ (పిత్తం పారడానికి పేగును కాలేయానికి కలపడం) 60 రోజుల లోపు జరగాలి. తైవాన్ 2004 నుంచి దేశమంతా మలం రంగు కార్డు తల్లుల చేతికిస్తోంది. మన టీకా కార్డు వెనకపేజీలో ఆ రంగులు అచ్చేస్తే చాలు. తెలుగు, తమిళం, కన్నడ మూడింటిలోనూ రాసిపెట్టే పని నేను తీసుకుంటాను.

జాక్సన్‌రీస్

రంగులు ఆఫ్‌సెట్ ప్రెస్సులో ఒక్కో బ్యాచ్‌కు ఒక్కోలా వస్తాయి. అచ్చు పరీక్ష చేయకుండా పంచితే పాలిపోయిన రంగు మామూలు రంగులా కనిపిస్తుంది. ప్రతి బ్యాచ్‌ను మూల కార్డుతో పోల్చాకే పంచాలని రాయండి.

మూడోఏడు

రాస్తాను సార్. లాగ్‌బుక్ (ట్రైనీ తాను చేసిన ఆపరేషన్లు రాసే పుస్తకం) గురించి ఒక ప్రశ్న: "నేను చేశాను" అని దేన్ని రాయాలి? ఒక్కో కాలేజీలో ఒక్కోలా ఉంది.

పసిప్రాణం

సొసైటీ ఒకే నిర్వచనం పెట్టాలి. టీఈఎఫ్‌లో ఫిస్టులా (శ్వాసనాళంతో కలిసిన దారి) కట్టడం, అనాస్టమోసిస్ (అన్ననాళం రెండు కొనలు కలిపే) కుట్లు రెండూ నీ చేత్తో అయితే "చేశాను". ఒకటే అయితే "కొంత చేశాను", ఏ భాగమో రాయాలి. రెండూ కాకపోతే "సాయం". కన్సల్టెంట్ అదే రోజు సంతకం పెట్టాలి, నెలాఖరున గుత్తగా పెట్టిన సంతకం చెల్లదు. ఏఆర్‌ఎంకు, హిర్ష్‌స్ప్రంగ్‌కు ఇలాంటి రెండేసి మెట్లు ఏవో నువ్వే రాసి ఇక్కడ పెట్టు. పెన్నా ఒడ్డు సార్, జిల్లా కాగితం తొలి ప్రతి మీ దగ్గరికి పంపుతున్నాను, మీ థియేటర్‌లో పనికిరాని వాక్యం ఏదున్నా కొట్టేసి పంపండి.